చెరువు నీటిపైనుండి ఎగురు చిన్న విమానములు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



కొల్లేటి గూడబాతు నీటిపైనుండి ఎగురుట చూచినవారికి ఒక విషయము విదితమే. పిచ్చుక వలె అది ఉన్నచోటినుండి చటుక్కున లేవజాలదు. బరువైన దేహమును ఈడ్చుకొనుచు, రెక్కలు కొట్టుకొనుచు, కాళ్లతో నీటిని తన్నుచు కొంతదూరము పరుగిడి, ఆ పిమ్మటనే గాలిలోనికి లేచును. హనుమంతుడు సముద్రమును దాటుటకు మహేంద్రగిరిని పాదములతో అదిమి లంఘించెనని రామాయణము చెప్పుచున్నది. ఆయన కాళ్లక్రింద కొండ కలదు. గూడబాతు కాళ్లక్రింద నున్నది నీరు. నీరు బరువును మోయును గాని గట్టి ఊతమీయదు. పైగా పట్టుకొని ఒక పట్టున వదలదు. నీటిపైనుండి ఎగురు విమానమును చేయబూనిన ప్రతివానికిని, అది మనుష్యుల నెక్కించుకొనునదైనను, రెండు కిలోల బొమ్మయైనను, మొదట ఎదురగు చిక్కు ఇదియే.

బొమ్మ యని తేలికగా అనుటకు వీలులేదు. గట్టుమీద నిలిచిన మనుష్యుడు చేతిలోని పెట్టెయందలి రెండు పుల్లలను కదలించుచుండగా, నూరు గజముల దూరమున నీటిమీద నున్న విమానము రేడియో తరంగముల ఆజ్ఞ నందుకొని పరుగెత్తి, లేచి, తిరిగి, మరల నీటిపై వ్రాలును. దీనిని స్వహస్తములతో కట్టి ఎగురవేయువారు అనేక దేశములయందు గలరు. వారిలో కొలువులు చేయువారు, దుకాణదారులు, విశ్రాంతి పొందిన వృద్ధులు, బడిపిల్లలు అందరును గలరు. పుష్పకమును వర్ణించిన మహాకవులు దానిలోని మణిస్తంభములను లెక్కించి చెప్పిరి గాని రెక్కల కొలతలు చెప్పలేదు. ఈ చిన్న విమానములవారు కొలతలతోనే మాటలాడుదురు.

చిన్న నమూనా పెద్ద పనికి దారితీసిన సంగతియు, దారితప్పించిన సంగతియు ఒకే మనుష్యుని జీవితమున కానవచ్చును. అమెరికా దేశమున స్మిత్సోనియన్ సంస్థకు కార్యదర్శిగా నుండిన శామ్యూల్ లాంగ్లీ పండితుడు 1896 మే 6వ తేదీన పొటోమాక్ నదిలో ఒక ఇంటిపడవ కప్పుమీదినుండి మనుష్యుడు లేని విమానమును విడిచెను. దాని బరువు సుమారు 11 కిలోలు. లోపల చిన్న ఆవిరియంత్రము. అది సుమారు ఒక కిలోమీటరు దూరము ఎగిరి మెల్లగా నీటిపై వ్రాలెను. దానిని తీసి, తుడిచి, ఆ దినముననే మరల ఎగురవేసిరి. టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ అచ్చట నుండి ఛాయాచిత్రము తీసెను. ఈ విజయముతో లాంగ్లీ మనుష్యుని మోయు పెద్ద విమానమును అదే పోలికతో కట్టించెను. 1903 అక్టోబరు 7న ఒకసారి, డిసెంబరు 8న మరొకసారి అది పడవమీదినుండి కదలి, ఎగురకయే నదిలో కూలెను. పత్రికలు పరిహసించెను. తొమ్మిది దినములకు, డిసెంబరు 17న, రైట్ సోదరులు తమ విమానమున ఎగిరిరి.

విసరు యంత్రము తట్టుటచే కూలెనని లాంగ్లీ పక్షమువారు చెప్పిరి. చట్రమునకు బలము చాలలేదని తరువాతివారు చెప్పిరి. ఏది నిజమైనను ఒక లెక్క మాత్రము ఎవ్వరును కాదనలేనిది. ఒక వస్తువును అన్ని వైపుల రెండింతలు పెంచినచో దాని రెక్కల వైశాల్యము నాలుగింతలగును, బరువు ఎనిమిదింతలగును. చిన్నదానియందు చాలిన పుల్ల పెద్దదానియందు విరుగును. 11 కిలోల నమూనా 340 కిలోల విమానమగు నాటికి బరువు ముప్పది రెట్లు పెరిగెను. నమూనా అబద్ధమాడలేదు. దానిని అడుగని ప్రశ్నకు అది బదులు చెప్పినదని పెద్దలు అనుకొనుటయే పొరపాటు.

ఇక నీటి పట్టు సంగతి. దీనికి విరుగుడును మొదట ఊహించినవాడు ఇంజనీరు కాడు. ఇంగ్లండులోని ససెక్స్ మండలమున ప్లేడెన్ అను పల్లెటూరి చర్చిలో మతాచార్యుడు, పేరు రేమస్. ఓడ అడుగు ఒకే తీరున నుండక, మధ్యలో ఒక మెట్టు వలె తెగి, ఏటవాలు పలకలు ఒకదాని వెనుక ఒకటిగా నున్నచో, వేగమున ఓడ నీటిని కోయుటకు బదులు నీటిపైకి లేచి జారునని 1872లో ఆయన నౌకాధికారులకు వ్రాసెను. వారు ఆ విషయమును విలియం ఫ్రూడ్ అను నౌకాశాస్త్రజ్ఞునికి అప్పగించిరి. ఆయన చిన్న నమూనాలను నీటి తొట్టిలో లాగి పరీక్షించి, ఆనాటి బరువైన ఆవిరియంత్రములతో ఓడకు అంత వేగము రాదని తేల్చెను. లెక్క సరియైనదే, ఊహయు సరియైనదే. తేలిక యంత్రము పుట్టువరకు ఆ కాగితము వేచియుండవలసి వచ్చెను.

మెట్టు ఏల కావలయునో ఇంటనే చూడవచ్చును. చెంబునుండి సన్నని ధారగా నీరు పోయుచు, ఒక గరిటెను కాడ చివర వదులుగా పట్టుకొని, దాని వెనుకనున్న ఉబ్బు భాగమును ఆ ధారకు తాకింపుడు. ధార గరిటెను అవతలకు నెట్టునని తలంతుము. నెట్టదు, లోనికి లాగుకొనును. వంపుగానున్న ఉపరితలమును పారు నీరు అంటిపెట్టుకొని పోవును, తనవైపునకు పీల్చుకొనును. విమానపు తెప్ప వెనుక భాగమును నీరు ఇట్లే పీల్చును. ఎంత వేగముగా పరుగిడినను అంత గట్టిగా లాగును. తెప్ప అడుగున మెట్టు కోసినచో నీటి ప్రవాహము ఆ అంచువద్ద తెగిపోవును. సందులోనికి గాలి చొచ్చును. వెనుక సగము విడిపడును. అప్పుడు విమానము ఆ మెట్టు అంచుమీద మాత్రమే ఆని, ముక్కు పైకెత్తుటకు స్వాతంత్ర్యము పొందును.

ఫ్రాన్సు దేశస్థుడు హెన్రీ ఫాబ్ర్ 1910 మార్చి 28న మార్సెయ్ నగర సమీపమున బెర్ అను ఉప్పునీటి సరస్సుపైనుండి తొలిసారి యంత్రబలముతో నీటివిమానమును లేపెను. అంతకు ముందు ఆయన ఎన్నడును విమానము నడిపినవాడు కాడు. ఆయన తెప్పల అడుగు చదునుగా నుండెను. అమెరికాలో గ్లెన్ కర్టిస్ 1911 జనవరిలో శాన్‌డియాగో వద్ద ఎగిరి, 1912లో పడవ ఆకారపు విమానము కట్టినప్పుడు, అది నీటిమీద ఎంత పరుగిడినను లేవలేదు. అడుగున మెట్టు చేర్చిన పిమ్మట లేచెను. 2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్ వద్ద కృష్ణానది నుండి శ్రీశైలమునకు ప్రయోగార్థము ఎగిరిన నీటివిమానపు తెప్పలక్రిందను ఉన్నది ఈ మెట్టే. పల్లెటూరి మతాచార్యుని ఊహ ఎంతదూరము వచ్చినదో చూడుడు.

నిర్మాణమునకు వత్తము. ప్రధాన ద్రవ్యము బాల్సా కఱ్ఱ. ఇది దక్షిణ అమెరికాలోని ఈక్వెడార్ దేశమున విస్తారముగ పెరుగు చెట్టు. జీలుగు బెండును తలపించునంత తేలిక. స్పానిష్ భాషలో బాల్సా యనగా తెప్ప యనియే అర్థము. ఇప్పుడు గట్టి థర్మోకోలు వంటి నురుగు పలకలతోను చేయుచున్నారు. మునిగినను పాడుగాదు గనుక నేర్చుకొనువారికి అదియే మేలు.

తెప్పల పరిమాణమునకు ఆర్కిమిడీస్ చెప్పిన సూత్రమే ఆధారము. ఒక లీటరు నీటిని తొలగించినది ఒక కిలో బరువును మోయును. విమానము రెండు కిలోలైనచో రెండు లీటర్ల తెప్పలు తేల్చుటకు చాలును గాని, అల వచ్చినప్పుడును, ముక్కు వంగినప్పుడును మునిగిపోవును. అందుచేత పెద్ద విమానముల నియమమునే అనుసరించి, బరువుకు 1.8 రెట్లు, అనగా రెండు తెప్పలకును కలిపి 3.6 లీటర్లుండునట్లు చేయుదురు. కొలుచుటకు కష్టమేమియు లేదు. నిండిన గంగాళములో తెప్పను ముంచి, పొర్లిన నీటిని కొలిచిన చాలును. పొడవు విమానదేహములో ముప్పాతిక వంతు ఉండవలెను. తెప్ప ముక్కు ప్రొపెల్లరు కంటె ముందునకు రావలెను, లేనిచో చిందిన నీటితుంపరలు ప్రొపెల్లరును కొట్టి వేగమును చంపును.

మెట్టు ఎచ్చట నుండవలెనన్నదియే అసలు రహస్యము. రెక్కలక్రింద రెండు వ్రేళ్లు పెట్టి ఎత్తినప్పుడు విమానము ఎటును ఒరగక నిలుచు స్థానమే గురుత్వకేంద్రము. మెట్టు దానికి సరిగా క్రింద గాని, ఒక వ్రేలు వెడల్పు వెనుకగా గాని ఉండవలెను. మరీ వెనుకనైనచో ముక్కు లేవదు. చెరువు ఈ గట్టునుండి ఆ గట్టు వరకు పరుగు మాత్రమే మిగులును. మరీ ముందైనచో తోక కూలబడును. అనేకులు నెలలు శ్రమించి కట్టిన విమానము మొదటి దినమున లేవకపోవుటకు కారణము యంత్రము కాదు, ఈ వ్రేలెడు దూరమే.

రేడియో సంగతి క్లుప్తముగా చాలును. 1898లో న్యూయార్క్ నగరమున నికొలా టెస్లా తీగలేకుండ చిన్న పడవను నడిపి చూపెను. విమానమునకు ఆ విద్యను పట్టించినవారిలో ముఖ్యులు మిచిగన్ రాష్ట్రపు కవల సోదరులు వాల్టర్ గుడ్, విలియం గుడ్. 1930ల చివర వారు ఎగురవేసిన ‘గఫ్’ అను విమానము స్మిత్సోనియన్ సంస్థవారి విమాన సంగ్రహాలయమునకు చేరినది. పూర్వము ఒకే తరంగముపై ఇద్దరు పలికినచో ఒకరి విమానము కూలెడిది. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ యంత్రములలో ప్రతి గ్రాహకమును తన యజమాని పెట్టెకే బద్ధమై యుండును. అయితే ఆ తరంగము నీటిలోనికి చొరదు. గ్రాహకము మునిగెనా, ఆజ్ఞయు మునిగెను. అందుచే దానిని రబ్బరు బుడగలో పెట్టి మూతి బిగించు పాత పద్ధతిని నేటికిని కొందరు విడువలేదు.

ఎగురవేయుటకు నిశ్చలమైన అద్దమువంటి నీరు మంచిదని తోచును. కాదు. చిరుగాలికి ముడుతలు పడిన నీరే మంచిది. ఆ ముడుతల సందులలో గాలి చేరి పట్టు త్వరగా వీడును. పెద్ద నీటివిమానములవారు సైతము నీరు మరీ నున్నగా నున్నప్పుడు ముందుగా అటునిటు తిరిగి తామే అలలు లేపుకొందురు. విమానమును విడిచిన వెంటనే అది గాలికోడి వలె గాలికి ఎదురుగా తిరుగును, ఎగురవలసినదియు అటువైపే. మొదట తోక చుక్కానిని పైకి పట్టి ముక్కు మునుగకుండ చూడవలెను. వేగము హెచ్చి తెప్పలు నీటిపైకి లేచిన క్షణమున ఆ పట్టు సడలింపవలెను. ఇక్కడ తొందరపడి లాగినవాడు చెడును. తెప్పల వెనుక తెల్లని తుంపర సన్నగిల్లి, చప్పుడు మారును. అప్పుడు రవంత లాగిన చాలు, లేచును.

గాలిలో మరొక చిక్కు కలదు. విమానము దూరముగా పోవునప్పుడు కుడి కుడియే. మనవైపు వచ్చునప్పుడు దాని కుడి మన యెడమ. ఎందరి విమానములో ఈ ఒక్క తికమకలో నీట గలసెను. ఏ రెక్క వంగినదో ఆ వైపునకే పుల్లను నెట్టుమని అనుభవజ్ఞులు క్రొత్తవారికి చెప్పుదురు. ఈత కొట్టువారును, బట్టలుతుకువారును ఉన్న రేవుదగ్గర ఈ పని కూడదు. తిరుగుచున్న ప్రొపెల్లరు వ్రేళ్లను కోయును. భారతదేశమున 2021 నాటి డ్రోన్ నియమములు ఈ నమూనాలకును వర్తించును.

నడి చెరువులో యంత్రము ఆగినచో ఏమి చేయవలెను? ఈదుకొని పోవలెనని పిల్లలకు తోచును. అదియే ప్రాణముమీదికి తెచ్చునది. తామరతీగలకు బొమ్మయైనను ఒకటే, మనుష్యుని కాళ్లైనను ఒకటే. ముందుగనే ఒక పడవయు, ఈత తెలిసిన పెద్దవాడును గట్టున లేనిదే విమానమును నీట పెట్టకుండుట కట్టుబాటు. పడవ లేనిచో గాలివాటము చూచి అవతలి గట్టున కూర్చుండవలెను. తేలునది ఎప్పటికైనను ఒడ్డు చేరును.

ఇంటికి వచ్చిన పిమ్మట మరొక పని మిగిలియుండును. తెప్పల వెనుక కొనయందు చిన్న రంధ్రముంచి బిరడాతో మూయుదురు. ఆ బిరడా తీసి తెప్పను వంచవలెను. ఏమియు రాలనిచో సరి. ఒక చెంచాడు నీరు కారినచో ఎచ్చటనో అతుకు విడినదన్నమాట. దానిని ఆ రాత్రియే దీపము దగ్గర వెదకి, బంకపెట్టి, తెల్లవారువరకు ఆరనిత్తురు.