పల్లం ఎటుంటే చీము అటు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన బడిలో చదివి డాక్టర్లైనవాళ్లు ముందు వరసలోనే కూర్చున్నారు. వాళ్ల ఎదుట ఒక సివిల్ ఇంజనీరు ఊపిరితిత్తుల గురించి మాట్లాడటం కొంచెం సాహసమే. నేను ముప్పై ఏళ్లుగా చూసింది నీళ్ల పైపులు, కాలువలు, వాటిలో పూడికలు. మూడేళ్ల కిందట మా చిన్నాయనకు వచ్చిన జబ్బును డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చెబితే, అది కూడా పైపులో పూడిక లెక్కే అనిపించింది. ఆ ధైర్యంతోనే ఒప్పుకున్నాను. రాసుకున్నది మన డాక్టరు మిత్రుడొకరికి చూపించే వచ్చాను.

మా చిన్నాయనది జమ్మలమడుగు దగ్గర పల్లె. అరవై దాటాయి. షుగరుంది, నోట్లో సగం పళ్లు పుచ్చిపోయాయి, సాయంత్రమైతే మందు అలవాటు. ఒక పెండ్లిలో బాగా తాగి, ఒళ్లు తెలియకుండా వెల్లకిలా పడుకున్నాడు. రెండు వారాలకు జ్వరం, దగ్గు మొదలయ్యాయి. ఇంట్లో నెమ్ము చేసిందనుకున్నారు. ఒకచోట ఎక్స్‌రే తీసి, కళ్లె పరీక్ష చేయకుండానే టీబీ అని మాత్రలు మొదలుపెట్టారు. ఆరు వారాలు మింగాడు. జ్వరం తగ్గలేదు. 58 కిలోల మనిషి 46 కిలోలకు దిగాడు. రాత్రిళ్లు చెమటతో పక్క తడిసిపోయేది. మా చిన్నమ్మ చెప్పిన మాట ఒకటుంది: "దగ్గితే గదిలో ఉండలేమబ్బా, ఏదో చచ్చిన వాసన."

ఆ మాటే ఆయన్ను కాపాడింది. ప్రొద్దుటూరులో చూసిన డాక్టరు మొదట ఎక్స్‌రే అడగలేదు, "కళ్లె వాసనొస్తాందా?" అని అడిగాడు. తర్వాత నోరు తెరిపించి పళ్లు చూశాడు. గోళ్లు చూశాడు, వేళ్ల కొనలు ఉబ్బి ఉన్నాయి. అంతటితోనే ఆయనకు సగం తెలిసిపోయింది.

విషయమేమంటే, మన చిగుళ్ల సందుల్లో గాలి లేకపోయినా బతికే సూక్ష్మజీవులు కోట్లల్లో ఉంటాయి. నిద్రలో అందరికీ కాస్తో కూస్తో ఎంగిలి గాలిగొట్టంలోకి జారుతుంది, దగ్గు దాన్ని బయటికి నెట్టేస్తుంది. తాగి పడిపోయినప్పుడు, మూర్ఛ వచ్చినప్పుడు, పక్షవాతంతో గొంతు పట్టు తప్పినప్పుడు, మత్తుమందు కింద ఉన్నప్పుడు ఆ కాపలా ఉండదు. ఎంగిలి లోపలికి దిగి నిలిచిపోతుంది. అక్కడి కండ చచ్చి, ఒకటి రెండు వారాల్లో కుళ్లి, చీముగుంత అవుతుంది. ఆ గుంత గాలిగొట్టంలోకి పగిలిన రోజున కంపుకొట్టే కళ్లె మొదలవుతుంది.

ఎక్కువగా కుడివైపే ఎందుకొస్తుంది? నాకు బాగా పట్టిన భాగం ఇదే. గాలిగొట్టం కిందికి వచ్చి రెండుగా చీలుతుంది. కుడి కొమ్మ పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు, ఎడమది 5. కుడిది వెడల్పు, దాదాపు నిటారు. ఎడమది గుండెను తప్పించుకుంటూ పక్కకు వాలుతుంది. ఏ మేస్త్రీనడిగినా చెబుతాడు నీళ్లెటు పోతాయో. ఇక వెల్లకిలా పడుకున్న మనిషికి ఊపిరితిత్తిలో అన్నిటికన్నా పల్లం, పై తమ్మె వెనక భాగం, కింది తమ్మె పై భాగం. చీము అక్కడే చేరుతుంది. చిక్కేమంటే, టీబీ కూడా ఎక్కువగా పట్టే చోట్లు దాదాపు అవే. రెంటిలోనూ జ్వరం, చెమటలు, చిక్కిపోవడం, అప్పుడప్పుడు రక్తపు జీర. మన ప్రాంతంలో టీబీని అనుమానించడం తప్పని నేననను. రెండు వారాలు దగ్గు దాటితే టీబీ పరీక్ష చేయించాల్సిందే, సర్కారు ఆసుపత్రిలో అది ఉచితం. కళ్లె చూడకుండా మందు పెట్టడమే తప్పు.

కొత్త ఎక్స్‌రేలో గుంత కనబడింది, అందులో సగం దాకా చీము, పైన గాలి. మధ్యలో గీత గీసినట్టు మట్టసంగా ఉంది, మా రసమట్టం సీసాలో మాదిరి. టీబీ గుంతల్లో ఇలాంటి గీత అంత తరచుగా కనబడదట. కడపకు తీసుకుపోయి సీటీ తీయించాం. పళ్లే లేని నోటివాడికి, అందులోనూ పొగతాగే పెద్దవాడికి ఇలాంటి గడ్డ వస్తే వెనకాల క్యాన్సర్ ఉందేమో వెతకాలట. అప్పుడు గొట్టంలోకి బ్రాంకోస్కోపు పంపి చూస్తారు. మా చిన్నాయనకు అదేమీ లేదు.

ఒంటి మీద సెగ్గడ్డకు కోత పెడతారు కదా, దీనికీ పెట్టరెందుకని అడిగాను. ఇది గాలిగొట్టం గుండా తనంతట తనే ఖాళీ అవుతుందట. బయటినుంచి పొడిస్తే చీము ఊపిరితిత్తి చుట్టూ ఉన్న పొరలోకి చిమ్మే ప్రమాదం ఉంది. నూటికి ఎనభై, తొంభై మందికి మందులతోనే నయమవుతుంది. మందులకు లొంగని పెద్ద గడ్డలకే ట్యూబు, అరుదుగా ఆపరేషను. గాలి లేకుండా బతికే క్రిములకూ, మిగతావాటికీ పనిచేసే యాంటీబయాటిక్స్ మొదట సూదుల్లో, తర్వాత మాత్రల్లో, గుంత మూసుకునేదాకా ఇస్తారు. మూడు వారాలు పట్టొచ్చు, రెండు నెలలూ పట్టొచ్చు. ఎనిమిదో రోజుకు జ్వరం పోయింది. వెంటనే మా చిన్నాయన, "జరం పాయ కదరా, ఇంగ మాత్రలెందుకు?" అన్నాడు. ఆ మాట దగ్గరే చాలామందికి జబ్బు తిరగబెడుతుంది. పైకి ఆరిన గోడ లోపల చెమ్మగా ఉన్నప్పుడు సున్నం కొట్టొద్దని చెప్పాను. సంతకం పెట్టినట్టు రోజూ నాకు ఫోన్ చేసి మాత్ర వేసుకున్నాడు. రెండో నెల చివర ఎక్స్‌రేలో చిన్న మచ్చ మిగిలింది.

పెన్సిలిన్ 1940ల్లో వాడుకలోకి రాకముందు ఈ జబ్బు వచ్చినవాళ్లలో సుమారు మూడోవంతు చనిపోయేవాళ్లు. మన జమ్మలమడుగులో మిషనరీలు పెట్టిన క్యాంప్‌బెల్ ఆసుపత్రి అంతకన్నా ముందునుంచే ఉంది. తర్వాత ముఖ్యమంత్రి అయిన డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి కూడా అక్కడ కొంతకాలం డాక్టరుగా పనిచేసి, 1973లో పులివెందులలో తండ్రి పేర ఆసుపత్రి పెట్టారు. పెన్సిలిన్ లేని రోజుల్లో అక్కడి డాక్టర్ల చేతిలో ఈ జబ్బుకు ఏముండేదో ఊహించుకోండి.

పులివెందుల అంటే చెనక్కాయలు గుర్తొస్తాయి, అదీ చెప్పాలి. ఆడుకుంటూ, నవ్వుతూ చెనిగింజ నమిలే రెండేళ్ల బిడ్డకు అది పొరపోతే పోయేదీ ఎక్కువగా కుడి గొట్టంలోకే. తడికి ఉబ్బి గొట్టాన్ని మూసేస్తుంది, ఎక్స్‌రేలో గింజ కనబడదు. కొన్నాళ్లకు దాని వెనక నెమ్ము, చీము. 1897లో జర్మనీలో గుస్తావ్ కిలియన్ మొదటిసారి గొట్టం దించి ఊపిరితిత్తిలోంచి ఎముక ముక్క తీశాడు. అమెరికాలో షెవాలియర్ జాక్సన్ ఇలా తీసిన వస్తువులు రెండు వేలకు పైగా ఫిలడెల్ఫియా మ్యూజియంలో ఉన్నాయి. నాలుగైదేళ్లు నిండేదాకా పిల్లలకు గింజలివ్వొద్దండి, పొడి చేసి పెట్టండి. పొరపోయిన తర్వాత దగ్గు ఆగినా సరే, డాక్టరుకు ఆ సంగతి చెప్పండి.

మూర్ఛ వచ్చినవాడి నోట్లో నీళ్లు పోయడం మన ఊళ్లల్లో ఇంకా ఉంది. దయచేసి మానిపించండి, పక్కకు ఒత్తిగిలించి పడుకోబెడితే చాలు. తాగి పడిపోయినవాణ్నీ అంతే. పక్షవాతం వచ్చిన పెద్దవాళ్లకు కూర్చోబెట్టే అన్నం పెట్టండి.

సంఘం వాళ్లు ఈ ఏడాది మూడు ఊళ్లలోనూ వైద్య శిబిరం పెడతామంటున్నారు. బీపీ, షుగరు, కళ్లు జాబితాలో ఉన్నాయి, పళ్ల డాక్టరు మాత్రం లేడు. మన పూర్వ విద్యార్థుల్లోనే పళ్ల డాక్టర్లున్నారు. ఈ పూట భోజనాల దగ్గర వాళ్లను పట్టుకొని తేదీ అడగబోతున్నాను. కుర్చీ, లైటు మోసుకొచ్చే ఖర్చు నాది.