జీవితకాలపు కొలువు



జపానులో పెద్ద కంపెనీలు చదువు ముగించిన కుర్రవాళ్ళను ఏటా ఏప్రిల్‌లో చేర్చుకొని, రిటైరయ్యేదాకా ఉంచుకొనే ఆనవాయితీ రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత స్థిరపడింది. సర్వీసును బట్టి జీతం పెరిగేది. జీవితాంతం ఉంచుకోవాలని చట్టమేమీ లేదు, మాటే పూచీ. 1990ల మాంద్యంలో పాతవారి ఉద్యోగాలు చాలావరకు నిలిచాయి. కొత్తగా వచ్చినవారిలో ఎందరికో తాత్కాలిక కొలువులే దక్కాయి.

మన సంగతీ అలాగే ఉంది. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షన్ యజమాని దయ కాదని, చేసిన సేవకు ఫలమని తీర్పు చెప్పింది. ఆ నీడన మనం బతుకుతున్నాం. మన రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవారికి సి.పి.ఎస్. పెట్టారు. జీతంలో నూటికి 10 రూపాయలు కోత, చివరికి చేతికొచ్చేది మార్కెట్టును బట్టి. గుంటూరు యార్డులో మిర్చి ధర పడిపోతే రైతు ముఖం ఎలా ఉంటుందో చూసిన మనకు ఆ భయం వేరే చెప్పాలా? 2023లో గ్యారంటీ పెన్షన్ చట్టం చేసినా పాత పద్ధతి అందరికీ తిరిగి రాలేదు.

మా ఇంట్లో నాది పాత పెన్షను, మా అబ్బాయిది సి.పి.ఎస్. మీలోనూ చాలామంది ఇళ్ళలో ఇంతే. కనుక డి.ఏ. బకాయిల తీర్మానంతోపాటు మన తర్వాతివారి పెన్షన్ కోసం కూడా సంఘం ఏటా తీర్మానం చేయాలని నా మనవి.

సెలవు.