పొరుగువాని ఆత్మకు తోడుగా నిలుచుట
(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల చరిత్రను తలంచుకొనునప్పుడు మన పెద్దలు కట్టిన గుడులను, బడులను, ఆసుపత్రులను లెక్కించుచున్నాము. అది తగినదే. అయితే ఆ ఆసుపత్రులకు వచ్చినవారిలోను, ఆ బడులలో చదివినవారిలోను మన సంఘస్థులు కానివారు అనేకులు. వారి దేహమునకు మందిచ్చితిమి, వారి పిల్లలకు అక్షరము నేర్పితిమి. వారి మనస్సు కలతపడిన రాత్రి, మరణము గుమ్మములో నిలిచిన వేళ, వారి ప్రక్కన ఎట్లు కూర్చుండవలెనో మనలో ఎందరము నేర్చుకొంటిమి? ఈ ప్రశ్ననే నేడు మీ ముందుంచుచున్నాను.

ఒక మనుష్యుడు దేవునితో తన నడకను గూర్చి మరియొకరితో మనసు విప్పి చెప్పుకొనుట, ఆ వినువాడు అతనికి దారి కనుగొనుటలో సాయపడుట, మిక్కిలి పాత పద్ధతి. నాలుగవ శతాబ్దములోనే ఐగుప్తు అరణ్యములోని సన్యాసుల యొద్దకు జనులు ఇందుకొరకు పోవుచుండిరి. 1548లో అచ్చయిన తన ఆత్మీయ సాధనల గ్రంథములో ఇగ్నేషియస్ లొయోలా ఒక హెచ్చరిక చేసెను. దారి చూపువాడు సాధకుని తన ఇష్టము వైపు లాగరాదనియు, సృష్టికర్తయే ఆ ఆత్మతో నేరుగా వ్యవహరించునట్లు విడువవలెననియు దాని భావము. మన పొరుగువారికిని ఇది క్రొత్త కాదు. హిందువులకు గురువు, సూఫీ ముస్లింలకు ముర్షీద్, బౌద్ధులకు కల్యాణమిత్రుడు కలరు.

అన్యమతస్థునికి మనము గురువు కాజాలము. అతని విశ్వాసములోని దారులు మనకు తెలియవు. కాని తోడు కాగలము. ఎమ్మాయు మార్గములో మన ప్రభువు మొదట వారితో కలిసి నడిచెను, తరువాత ప్రశ్న అడిగెను, వారి దుఃఖమంతయు వినెను. లేఖనములు విప్పి చెప్పినది ఆ పిమ్మటనే. ఆ వరుసను మనము తరచు తారుమారు చేయుచున్నాము.

యోబు స్నేహితులను చూడుడి. ఏడు దినములు మౌనముగా అతనితో నేల మీద కూర్చున్నంతకాలము వారు మంచి స్నేహితులే. నోరు తెరచి వివరణలు ఇయ్య మొదలుపెట్టిన తరువాతనే అతనికి భారమైరి. వారిలో ప్రేమ లేదని కాదు, వినుట చాలలేదు. ప్రేమకు సయితము తర్ఫీదు కావలెనని ఆ గ్రంథము మనకు నేర్పుచున్నది.

ఆ తర్ఫీదు ఎట్లుండును? అమెరికాలో ఆంటన్ బాయిసెన్ అను గురువు 1920లో తానే మానసిక వ్యాధితో ఆసుపత్రి పాలయ్యెను. స్వస్థపడిన తరువాత 1925లో వూస్టర్ మానసిక ఆసుపత్రిలో వేదాంత విద్యార్థులకు శిక్షణ ప్రారంభించెను. పుస్తకములను చదివినంత శ్రద్ధగా బాధపడు మనుష్యులను చదువవలెనని ఆయన బోధ. క్రమముగా ఆ శిక్షణలో మరియొక అలవాటు వచ్చి చేరెను. రోగితో జరిగిన సంభాషణను జ్ఞాపకమున్నంతవరకు మాట మాటగా వ్రాసి, చిన్న గుంపులో చదివి, ఎక్కడ విన్నాము, ఎక్కడ మన భయముచేత మాట మార్చితిమి అని పరీక్షించుకొందురు.

మన దేశములో స్టాన్లీ జోన్స్ గారు వేర్వేరు మతములవారిని ఒక్క బల్ల చుట్టు కూర్చుండబెట్టిరి. వాదము వద్దు, నీ విశ్వాసము నీ జీవితములో ఏమి చేసినదో చెప్పుము అనుటయే అక్కడి నియమము. ఆ అనుభవములను 1928లో గ్రంథముగా ప్రచురించిరి. 1930లో లాహోరులో ముస్లింల మధ్య సువార్త పనికై స్థాపింపబడిన హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ 1971లో హైదరాబాదుకు వచ్చినది. కాలక్రమమున అది మతముల మధ్య అవగాహనను, సమాధానమును తన పనిగా ఎంచుకొన్నది. నేర్చుకొనుటకు మనము సముద్రము దాటనక్కరలేదు.

అట్టి తోడు కాగోరువారు ముఖ్యముగా కొన్ని నేర్చుకొనవలెను. మొదటిది, తన విశ్వాసములో తాను స్థిరపడుట. వేరు లేని చెట్టు నీడ నియ్యజాలదు. రెండవది, పొరుగువాని ఆచారమును తెలిసికొనుట. మరణశయ్యపై ముస్లిం చెవికి కలిమా వినబడవలెనని అతని వారు కోరుదురు. హిందువు నోట తులసి తీర్థము పోయవలెనని అతని వారు ఆశింతురు. అట్టి వేళ అడ్డు రాక, వారికి కబురు పంపి స్థలమిచ్చుట తోడైనవాని ధర్మము. మూడవది, అనుమతి లేక ప్రార్థన చేయకుండుట. నాలుగవది, విన్నది కడుపులో దాచుకొనుట. ప్రార్థన మనవి పేరిట సయితము ఇతరుల రహస్యము సభలో చెప్పరాదు. అయిదవది, తన హద్దు తెలిసికొని, వైద్యుని అవసరము వైద్యునికే అప్పగించుట.

"అట్లయిన సాక్ష్యము మానవలెనా?" అని మీరు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. పేతురు తన మొదటి పత్రిక మూడవ అధ్యాయములో మన నిరీక్షణను గూర్చి అడుగువారికి సాత్వికముతో జవాబు చెప్ప సిద్ధముగా ఉండుమనెను. అడిగినవారికి నిస్సంకోచముగా చెప్పుదము. కాని జ్వరముతో మంచమునంటి లేవలేనివాడు మన మాట వినక లేచిపోజాలడు. లేచిపోవు స్వేచ్ఛ లేనివానికి చెప్పినది సాక్ష్యమగునా? మన తల్లి ఇతరుల ఆసుపత్రిలో ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరైనను వచ్చి ఆమె చేతిలోని బైబిలును ప్రక్కన పెట్టించిన మనకెట్లుండును? మనము కోరు మర్యాదనే పొరుగువానికి ఇయ్యవలెను.

దీనిచేత మన విశ్వాసము పలుచనగునని భయపడకుడి. 1939లో ప్రతిష్ఠింపబడిన దోర్నకల్ దేవాలయమును చూచినవారికి తెలియును. గుడి స్తంభముల పోలిక, మసీదు గుమ్మటముల పోలిక అందులో ఉన్నవి. అయినను అక్కడ ఆరాధింపబడువాడు క్రీస్తే. పొరుగువాని అందమును గుర్తించుటచేత అజరయ్య బిషప్పుగారి విశ్వాసము తగ్గలేదు.

కనుక నా మనవి ఇది. ప్రతి పాస్టరేటు నుండి ఇద్దరు స్త్రీలను, ఇద్దరు పురుషులను ఎంచుడి. మాటకారులను గాక, వినువారిని ఎంచుడి. పక్షమునకొకసారి వారు కూడి, తాము చూచిన రోగులను గూర్చి పేర్లు చెప్పక వ్రాసికొన్నది చదువుకొని, ఒకరినొకరు దిద్దుకొనవలెను. తెలిసిన హిందూ, ముస్లిం పెద్దలను అప్పుడప్పుడు పిలిచి, మీ ఇంట దుఃఖము వచ్చినప్పుడు మా నుండి ఏమి కోరుదురని అడుగవలెను. దీనికి క్రొత్త భవనము అక్కరలేదు. ఒక చాప, ఒక నోటు పుస్తకము, ఓపిక చాలును.

రాబోవు నూరేండ్లలో మన ఊరివారు మనలను గూర్చి, "కష్టకాలములో వారు వచ్చి మా ప్రక్కన కూర్చుండిరి, మా మాట వినిరి" అని చెప్పుకొందురు గాక. అట్టి కృపను ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.