అతికించిన ఈమెయిలును చక్కబరచుట

మంత్రాలయమున బస కోరుచు యాత్రికుడొకరు వ్రాసిన ఈమెయిలును వర్డులో అతికించితిమనుకొందము. పంక్తులు నడుమనే తెగిపోవచ్చును. పంక్తికి 78 అక్షరములు మించకుండుట మేలను ఈమెయిలు నియమమును బట్టి కొన్ని యంత్రములు ప్రతి పంక్తి తుదను విరుపును చేర్చును.

విరుపులన్నిటిని ఒక్కమారే తుడిచినచో పేరాలును కలిసిపోవును. ముందుగా పేరాల నడుమనుండు జంట విరుపులకు బదులు, లేఖలో నెచ్చటను లేని గుర్తు నొకదాని నుంచవలెను. ఒంటి విరుపులను ఖాళీలుగా మార్చి, పిమ్మట ఆ గుర్తును మరల విరుపు చేయవలెను.

తెలుగున వేరొక చిక్కు గలదు. కనబడని అక్షరములన్నియు చెత్తయే యని కొందరు ఊడ్చివేయుదురు. తగదు. ‘రాజ్‌కుమార్’ అను పేరున జకార కకారములను విడదీసి నిలుపునది అట్టి అదృశ్యాక్షరమే. అది పోయినచో ‘రాజ్కుమార్’ అగును. గది రసీదుపై తన పేరు చూచుకొని ఆ యాత్రికుడు తడబడును.