కుండీలో కాగితంపూల చెట్టు
(సదాశివనగర్ విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"బోన్సాయ్‌కి పదేళ్ళు పడుతుందట. డెబ్బై దాటినవాళ్ళకు ఎందుకండీ ఆ పని?" అని మన మిత్రులొకరు అడిగారు. ఈ నాలుగు మాటలే వారికి నా జవాబు.

బోన్సాయ్ అంటే జపాను భాషలో పళ్ళెంలో నాటినది అని అర్థం. ఈ విద్య చైనాలో పుట్టి జపానులో పెరిగింది. అక్కడ చలికాలం చివర, ఆకు రాకముందే పూసే 'ఉమె' అనే ఆప్రికాట్ జాతి చెట్టును ఇలా పెంచుతారు. దానికి చలి కావాలి. మన కామారెడ్డి ఎండలకు తగినది కాగితంపూల చెట్టు. అందులో మనం పువ్వనుకునే రంగు రేకులు నిజానికి ఆకులే. అసలు పువ్వు మధ్యలో ఉండే చిన్న తెల్లనిది.

2017లో మా ఇంటావిడ ఒక మొక్క కొనిపించింది. నేను నడి ఏప్రిల్‌లో మట్టంతా కడిగి, వేళ్ళు సగం, కొమ్మలు సగం ఒకేరోజు కత్తిరించాను. ముప్పై ఆరేళ్ళు గుమాస్తాగా చేసినవాణ్ణి కదా, ఏ రోజు ఫైలు ఆ రోజే ముగించాలనే అలవాటు! నెల తిరగకముందే అది ఎండిపోయింది. ఆమె కోప్పడలేదు. "ఇంకోటి తెచ్చుకుందాం, ఈసారి తొందరపడకండి" అన్నది.

మరుసటి వానాకాలం, కడియం నుంచి మొక్కలు తెచ్చి అమ్మే ఒక నర్సరీకి వెళ్ళాం. "వేరు కదిపితే దీనికి కోపమండీ" అని అమ్మే ఆయన హెచ్చరించాడు. ఈసారి పూలు చూడలేదు, మొదలు లావు చూశాను. మణికట్టంత మొదలున్న మొక్కలో కొన్నేళ్ళు ముందే గడిచి ఉంటాయి. మనం డబ్బిచ్చి కొనేది ఆ ఏళ్ళనే.

మొదటి ఏడు కొమ్మలు మాత్రమే కత్తిరించాను. రెండో ఏడు తొలకరికి, అంచు వేళ్ళు కొద్దిగా తీసి, లోతు తక్కువ కుండీలోకి మార్చాను. ఎర్రమట్టి రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు వేశాను. కుండీ అడుగున నీళ్ళు నిలవకూడదు. తీగ లేత కొమ్మలకే చుట్టాలి, ముదురు కొమ్మ పుటుక్కున విరుగుతుంది. ఎండ బాగా తగలనిచ్చి, ఆకు కాస్త వాడేదాకా నీళ్ళు ఆపితే మొగ్గ తొడుగుతుంది.

2021 చలికాలంలో ఆమె పోయింది. ఆ దుఃఖంలో పదిరోజులు నీళ్ళ మాటే మరిచాను. ఆకులన్నీ రాలిపోయాయి. పారేద్దామనుకుని, చివరిసారిగా బెరడు గోటితో గీకి చూశాను. లోపల పచ్చగా ఉంది. మనం ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ లాంటిదే అది! ఆనాటి నుంచి పొద్దున్నే లేవడానికి నాకొక పని దొరికింది. 2023 ఫిబ్రవరిలో కొమ్మకొమ్మకూ పూసింది. చూపించడానికి ఆమె లేదు.

పదేళ్ళ సంగతి అడిగిన మిత్రునికి చెప్పేదిదే. ఇది ముగిసే ఫైలు కాదు. కత్తిరింపు, కుండీ మార్పిడి చెట్టు ఉన్నన్నాళ్ళూ ఉంటాయి. ఇప్పుడు నీళ్ళు పోసేది మా మనవరాలు. నా వంతు వచ్చినప్పుడు ఆమెకు చార్జి అప్పగిస్తాను.