సినిమాలో కనిపించని మన బడి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల నుంచి వచ్చిన పాత స్నేహితులారా, ఇంజనీరును కదా, ప్రాజెక్టుల గురించి చెబుతానని అనుకొని ఉంటారు. ఈ పూట సినిమాల గురించి మాట్లాడతాను.

1999లో సమరసింహారెడ్డి, 2002లో ఇంద్ర వచ్చాయి. అప్పుడు నా ఉద్యోగం హైదరాబాదులో. మాది కడప జిల్లా అంటే చాలు, "మీ ఇంట్లోనూ బాంబులు చుడతారా సార్" అని సైటులో నవ్వేవాళ్ళు. ఫ్యాక్షన్ లేదని నేను బుకాయించను. దాని దెబ్బ తిన్న ఇళ్ళవాళ్ళు ఈ సభలోనే ఉన్నారు. కానీ ఆ మాదిరి సినిమాల్లో మన ఊళ్ళకు సుమోలున్నాయి, వేటకొడవళ్ళున్నాయి, ఇస్కూలు మాత్రం లేదు. బడిగంట మోగిన సన్నివేశం ఒక్కటైనా నాకు గుర్తు లేదు.

చిత్రమేమంటే, తెలుగు సినిమాకు ఓనమాలు దిద్దించినవాళ్ళలో మనవాళ్ళే ముందున్నారు. పులివెందుల ప్రాంతపు బి.ఎన్.రెడ్డి, బి.నాగిరెడ్డి అన్నదమ్ములిద్దరికీ దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం వచ్చింది. నాగిరెడ్డి, చక్రపాణి 1947లో చందమామ మొదలుపెట్టారు. మనలో చాలామంది పాఠ్యపుస్తకం కంటే ఇష్టంగా చదివింది దాన్నే. ఆ ఇద్దరే 1955లో తీసిన మిస్సమ్మ కథ ఒక బడి చుట్టూ తిరుగుతుంది. డిగ్రీలుండి ఉద్యోగాల్లేని ఇద్దరు, భార్యాభర్తలమని అబద్ధమాడి టీచర్లవుతారు. వాళ్ళు దేవుళ్ళూ కారు, బఫూన్లూ కారు. అప్పు, అలక, అసూయ ఉన్న మామూలు మనుషులు.

తర్వాత్తర్వాత తెర మీద అయివారికి ఎక్కువగా రెండే వేషాలు మిగిలాయి. 1972 నాటి బడిపంతులు మాదిరి కన్నీళ్ళు పెట్టించే త్యాగమూర్తి, కాకపోతే 2001 నువ్వు నేనులో ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారిలాగా పిల్లలు ఆటపట్టించే లెక్చరరు. నేనూ పడీపడీ నవ్వినవాణ్ణే లెండి. మనల్ని ఇంతగా నవ్వించిన బ్రహ్మానందం గారు, ఎం.ఎస్.నారాయణ గారు సినిమాల్లోకి రాకముందు నిజంగానే తెలుగు లెక్చరర్లు! 2023లో సార్ సినిమా లెక్కల మాస్టారును హీరో చేసింది. సంతోషమే, కానీ ఆయనకూ ఫైటింగులు తప్పలేదు.

అసలు పాఠం తెర మీద పండదు. మా లెక్కల సారు ఒక వారమంతా మాచేత తరగతి నేల మీది కడప బండలు కొలిపించారు. సూత్రం చెప్పలేదు. మూల పగిలిన బండను ఎట్లా లెక్కగట్టాలో మమ్మల్నే తేల్చుకోమన్నారు. ఈరోజుకీ నేను డ్రాయింగులోని కొలతను నమ్మి సంతకం పెట్టను, టేపు పట్టుకొని వెళతాను. ఆ వారంలో కెమెరాకు పనికొచ్చేది ఏమీ జరగలేదు.

విజయం సంగతీ అంతే. ఫలితాల రోజుల్లో టీవీలో ఒకటి, ఒకటి, రెండు అని ఊపిరి తిప్పుకోకుండా ర్యాంకులు చదివే గొంతు మీకు తెలుసు. నూరు స్తంభాలు పోసి, నిలబడిన మూడింటి ఫోటోలే తెచ్చిన కాంట్రాక్టరుకు నేను బిల్లు పాస్ చేయను. తక్కిన తొంభై ఏడు ఎక్కడయ్యా అంటాను. ఆ ప్రకటన చూసి ఎనిమిదో తరగతి పిల్లను హాస్టలుకు పంపే తల్లిదండ్రులు మాత్రం అడగడం లేదు. మన బడిలో పదో తరగతికి ఒకప్పుడు రెండు సెక్షన్లుండేవి. ఇప్పుడు ఒక్కటే, అదీ నిండడం లేదు.

మా బ్యాచిలో పదో తరగతి రెండుసార్లు తప్పినతను బోరు మోటార్లు బాగుచేస్తాడు. వేసవిలో పులివెందుల పక్క చీనీతోటలు ఎన్నో అతని చేతి చలవతోనే బతుకుతున్నాయి. అతని ఫోటో ఏ ప్రకటనలోనూ రాదు.

కమిటీకి ఒక మనవి. మన అయివార్లలో ఎనభై దాటినవాళ్ళున్నారు. ఒక్కో బ్యాచి ఒక్కో సారు ఇంటికి వెళ్ళి, శాలువా కప్పి వచ్చేయకుండా, ఒక పాఠం చెప్పించుకొని ఫోనులో రికార్డు చేయండి. తర్వాతి ఖర్చు నాది. మోటార్ల మిత్రుణ్ణి తొమ్మిదో తరగతి పిల్లల దగ్గరికి నేను తీసుకొస్తాను. అడిగితే ఒప్పుకున్నాడు. మైకు ముందు మాత్రం మాట్లాడడట, ఒక పాత మోటారు తెచ్చి విప్పి చూపిస్తానన్నాడు.