తరగతిలో లేని ఎనమండుగురు

(ఒక పల్లెటూరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలనుండి 2025 మార్చిలో పదవ తరగతి పరీక్షలు వ్రాసిన విద్యార్థుల పక్షమున, గ్రామ గ్రంథాలయమున జరిగిన వీడ్కోలు సభలో చదువబడిన ఉపన్యాసము.)



వీడ్కోలు సభలలో పొగడ్తలు పలుకుట ఆచారము. గురువుల ఋణము మాటలతో తీరునది గాదు గనుక మేమందులకు పూనుకొనము. ఐదేండ్ల సహవాసమున మేమేమి పొందితిమో, ఏమి పోగొట్టుకొంటిమో లెక్క చెప్పుటయే నేటి మా పని. పొందినది మాది. పోయినదానికి మాత్రము ఊరంతయు ఉత్తరవాది యగుటచే దానిని మీ యెదుట పెట్టుచున్నాము.

ఆరవ తరగతి హాజరుపట్టీలో మా పేర్లు 27. పరీక్షకు కూర్చున్నవారము 19 మందిమి. తక్కిన ఎనమండుగురి కథయే మా కథలో ముఖ్య భాగము.

మేము ఉన్నత పాఠశాలలో చేరిన కాలము సామాన్యమైనది గాదు. 2020 మార్చిలో కరోనా వ్యాధి వలన బడులు మూతపడెను. ఆ యేడును, మరుసటి యేడును పదవ తరగతి పరీక్షలే రద్దయి అందరును ఉత్తీర్ణులైరి. ఆరవ తరగతివారమగు మాకు బడి తలుపులు తెరచినది 2021 జనవరిలో; ఏప్రిలులో అవి మరల మూతపడెను. ఆగస్టు 16వ తేదీన తెరచునప్పటికి మేము ఏడవ తరగతివారమైతిమి. ముఖములకు గుడ్డలు కట్టుకొని, కన్నులను బట్టియే ఒకరి నొకరము గుర్తుపట్టితిమి. బడి మూసిన దినములలో ఇంట టీవీ గలవారు దూరదర్శన్‌లో పాఠములు చూచిరి. ఫోను గలవారు ఫోనులో వినిరి. రెండును లేనివారు తల్లుల వెంట మిరపచేలకు పోయిరి. అట్లు పోయినవారిలో ముగ్గురు మరల పలక పుస్తకము పట్టలేదు.

బడి కుదుటపడిన పిదప మాకు దొరికిన సంపద తక్కువది గాదు. మధ్యాహ్న భోజనపు బంతిలో ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండవలెనో ఏ పెద్దయు నిర్ణయింపలేదు. ముందు చేయి కడుగుకొన్నవాడు ముందు కూర్చుండెను. ఊరిలో ఇంకను తెగని ముడి ఆ బంతిలో మాకు తెలియకుండనే వదులైనది. ఒక్క సైకిలుపై ఇద్దరము వచ్చితిమి. ఒక్క జామెట్రీ పెట్టెతో నలుగురము గీతలు గీచితిమి.

మా తరగతికి మరియొక విశేషము కలదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో 2020-21లో ఆరవ తరగతి వరకు ప్రవేశపెట్టబడిన ఆంగ్ల మాధ్యమము మాతోపాటు ఏటేట ఒక్కొక్క మెట్టెక్కి పదవ తరగతికి వచ్చినది. మా పుస్తకములలో ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఆంగ్లము. కిరణజన్య సంయోగక్రియ యను మాటకు నోరు తిరుగుట కష్టమే. అయినను అందు కిరణము కలదు, సంయోగము కలదు. గురువుగారు విడదీసి చెప్పగనే ఆకు ఎండతో కలిసి చేయు పని యని తోచెను. ఫోటోసింథసిస్ అను మాటను మాత్రము పదిమారులు వ్రాసి వల్లించితిమి. ఆంగ్లము వలదని మేమనము. అది మా తల్లిదండ్రుల కోరిక, మా కోరికయు. కాని తెలుగు పుట అర్థమైన పిదపనే మేము ఎదుటి పుటకు దాటగలిగితిమి. దాటించు చేయి దొరకని ఇద్దరు ఎనిమిదవ తరగతిలోనే వెడలిపోయిరి. వారు మందబుద్ధులు గారు. అందొకడు నీటిమోటారును విప్పి మరల బిగింపగల నేర్పరి.

2022 డిసెంబరులో ప్రభుత్వము ఎనిమిదవ తరగతివారికి ట్యాబులిచ్చినది. వానివలన మేలు కలిగినది. కాని, నీవు నిన్న ఏల రాలేదని ట్యాబు అడుగజాలదు. ఆ ప్రశ్న అడుగుటకు మా ఇండ్లకు నడచి వచ్చినవారు మా ఉపాధ్యాయులే.

ఇక తక్కిన ముగ్గురు. ఒకడు తల్లిదండ్రులతో ఇటుక బట్టీలకు వలస పోయెను. ఇద్దరు బాలికలకు తొమ్మిదవ తరగతిలో వివాహములు జరిగెను. ఆ విందులలో మనము భుజించితిమి.

సోదరులారా! చట్టమేమి చెప్పుచున్నదో ఆలోచింపుడు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆరేండ్లనుండి పదునాలుగేండ్ల వరకే బిడ్డను కాచును. 2016లో సవరింపబడిన బాలకార్మిక చట్టము పదునాలుగు నిండినవారిని అపాయకరమైన పనులనుండియే తప్పించును. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టము పదునెనిమిది నిండని బాలిక వివాహమును నిషేధించినను, దానిని కదలించుటకు ఎవరో ఒకరు నోరు విప్పవలెను. పదునాలుగు నిండుట తొమ్మిదవ తరగతి యందే. చట్టము చేయి విడుచుటయు, పేదరికము చేయి పట్టుటయు ఒక్కచోటనే జరుగుచున్నవి. 2030 నాటికి మాధ్యమిక విద్య యెల్లరకు అందవలెనని 2020 జాతీయ విద్యావిధానము ఆశించినది. ఆశయము మంచిదే, ఆశయము చట్టము గాదు.

స్వల్ప సహాయమెంత పని చేయునో మా కన్నుల యెదుటనే కలదు. మాలో ఒక బాలిక ఎనిమిదవ తరగతిలో జాతీయ ప్రతిభా ఉపకార వేతన పరీక్షలో నెగ్గెను. తొమ్మిదవ తరగతినుండి ఇంటర్ ముగియువరకు ఏటికి 12,000 రూపాయలు వచ్చునని తెలియగనే ఆ యింట సంబంధములు చూచుట ఆగెను. నెలకు వేయి రూపాయలు ఒక బిడ్డ చదువును నిలిపెను! ధవళేశ్వరమున వీరేశలింగము పంతులుగారు బాలికల పాఠశాల స్థాపించినది 1874లో. నూటయేబదియేండ్లు గడచిన పిదప కూడ మన ఊరి బాలిక చదువు ఒక పరీక్షలోని గెలుపుపై వ్రేలాడవలెనా?

కావున పెద్దలకు మా విన్నపములు మూడు. మొదటిది: ఈ గ్రంథాలయపు గదిని రాత్రి రెండు గంటలు మాకిండు. 1914లో బెజవాడలో గ్రంథాలయ సంఘము వెలసిననాటి పెద్దలు గ్రంథాలయమును పుస్తకముల బీరువాగా తలపలేదు. ప్రజల పాఠశాలగా తలచిరి. ఈ సెలవులలో మేము 19 మందిమి వంతులవారీగా పాఠములు చెప్పెదము. రెండవది: పదునాలుగు నిండినవారు సార్వత్రిక పాఠశాల ద్వారా పదవ తరగతి పరీక్ష వ్రాయవచ్చును. మా ఎనమండుగురిలో ఊరనున్న వారి యిండ్లకు మీరు మాతో వచ్చి, పెద్దలకు నచ్చజెప్పుడు; రుసుము చందాలతో సమకూర్చుదము. మూడవది: పెండ్లి పిలుపు వచ్చినప్పుడు బాలిక వయస్సు అడుగుడు, పదునెనిమిది నిండనిచో ఆ పెండ్లి ఆపుడు.

స్వరాజ్యమనగా జెండా మాత్రమే గాదని మాకు బోధించినది మీరే. ఆ బోధను మీకే అప్పగించుచున్నాము. ఎనమండుగురిలో ఒక్కరైనను పరీక్షా మందిరమున కూర్చున్ననాడు మా తరగతి ముగియును. అంతవరకు మీరిచ్చిన ఈ వీడ్కోలును సగమే స్వీకరించుచున్నాము.